బొమ్మల ఆఫీసు మీద రాసిన పేపరు

వైవా రోజున బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు ప్రేమజ్యోతి థీసిస్‌ను రెండు చేతులతో ఎత్తి, బరువు చూసి, బల్ల మీద పడేశాడు. "బండలకు పాలిష్ పట్టేవాళ్లు ఫోన్లో ఏం చూస్తే ఎవరికేమమ్మా? దీనికి ఏడేళ్లా?" అన్నాడు. గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె గైడు అందరికంటే ముందు నవ్వాడు.

"మీ కాళ్ల కింద ఉండే బండ వాళ్లు పాలిష్ పట్టిందే సార్" అంది ప్రేమజ్యోతి.

ఆ ఒక్క మాటకు రెండు అధ్యాయాలు తిరిగి రాయమన్నారు. డిగ్రీ చేతికి రావడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఆమెది బేతంచెర్ల. తండ్రి లేవి పాలిష్ ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేసేవాడు. తల్లి విశ్వాసమ్మ లారీలకు బండలెత్తే చోట కూలికి పోయేది. చర్చి వాళ్ల బడిలో పదో తరగతి దాకా, ఆ తర్వాత కర్నూలులో హాస్టలు. చిన్నప్పటి నుంచీ ఆమెకు ఒక అలవాటు. మంచి మాట చెవినబడితే నోటుబుక్కులో రాసుకునేది. ప్రార్థన కూటాల్లో ముసలమ్మలు ఏడుస్తూ చెప్పే సాక్ష్యాలు కూడా వదిలేది కాదు. ఒకసారి విశ్వాసమ్మ చూసి, "వాళ్లు దేవునితో చెప్పుకునేది నువ్వెందుకు రాస్తాండావే?" అని పుస్తకం లాక్కుంది. మరుసటి వారం ఆమె ఇంకో పుస్తకం కొనుక్కుంది.

ముప్పై మూడో ఏట కడప శివార్లలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో, మాస్ కమ్యూనికేషన్ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరింది. విభాగాధిపతి డాక్టర్ ఉమామహేశ్వర పత్రికల చరిత్ర చెప్పేవాడు. ఆయన ఆమెకు ఎవరూ తీసుకోని సబ్జెక్టు అప్పగించాడు. దాని పేరు డిజిటల్ మీడియా, కృత్రిమ మేధ, సమాజం. కంప్యూటరు విభాగం వాళ్లు ఆమెను క్యాంటీన్లో చూసినప్పుడల్లా, "మేడం, మీ కృత్రిమ మేధకు కోడు రాయడం వచ్చా?" అని అడిగేవాళ్లు. రాదని ఆమె చెప్పేది. అప్పుడు వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు.

నాలుగేళ్లలో ఆమె సెమినార్లలో ఆరు పేపర్లు చదివింది. ఒక్కటీ ప్రమోషన్‌కు లెక్కలోకి రాలేదు. పేరున్న అంతర్జాతీయ జర్నల్‌లో ఒక్కటన్నా రావాలన్నారు. మీటింగు ఉన్నప్పుడల్లా ఉమామహేశ్వర, "మన విభాగంలో కొందరు జీతానికి క్లాసులు చెప్తారు, పరిశోధనకు ముగ్గులేస్తారు" అని ఆమె వైపు చూడకుండా అనేవాడు. ఆ మాటలు ఆమె ఇంటికి తీసుకెళ్లి నములుతూ కూర్చునేది. పెళ్లి చేసుకోలేదు. పంచుకోవడానికి ఇంట్లో ఇంకొకరు లేరు.

ఆ పరిస్థితుల్లో ఎం.ఏ. చదివే హర్షిణి అనే అమ్మాయి ఒకరోజు క్లాసు అయ్యాక వచ్చి చెప్పింది. "మేడం, మీరు చెప్పే ఏఐ మా ఊళ్లోనే తయారైతాంది. మా అక్క ఆ పనికే పోతాంది."

హర్షిణిది రాయచోటి. అక్కడ బట్టల షాపు పై అంతస్తులో ఒక ఆఫీసు ఉంది. నలభై మంది ఆడవాళ్లు కంప్యూటర్ల ముందు కూర్చుని బొమ్మల మీద గీతలు గీస్తారు. ఏది లారీయో, ఏది గోడో, ఏది మనిషో గుర్తుపెట్టి పంపితే బెంగళూరు కంపెనీ ద్వారా అవి ఎక్కడెక్కడికో పోయి యంత్రాలకు పాఠాలవుతాయి. ఊరివాళ్లు దానికి బొమ్మల ఆఫీసని పేరు పెట్టుకున్నారు.

మొదటిసారి వెళ్లినప్పుడు దాని యజమాని దేవేంద్రప్ప ఆమెను బాగానే చూసుకున్నాడు. అంతకుముందు లారీల బుకింగ్ ఆఫీసు నడిపిన మనిషి. "చూడండి మేడం, ఏసీ ఉండాది, క్యాబిన్లు ఉండాయి. మా ఆడోళ్లు ఎండలో పోయే పని లేదు. మీరు బాగా రాయండి, పై వాళ్లకు చూపిస్తా" అన్నాడు. పనిచేసేవాళ్లతో విడిగా మాట్లాడతానంటే మాత్రం నవ్వి ఊరుకున్నాడు. వాళ్లందరి చేతా, ఇక్కడి సంగతులు బయట చెప్పబోమని కాగితం మీద సంతకం చేయించుకున్నట్టు ఆమెకు తర్వాత తెలిసింది.

హర్షిణి ద్వారానే పద్మశ్రీ పరిచయమైంది. ఒంటిమిట్ట పక్కన మాధవరంలో మగ్గం నేసే కుటుంబంలో పుట్టి, రాయచోటికి కోడలుగా వచ్చింది. భర్త ట్రాక్టరు తోలుతాడు. అత్త చౌడమ్మ, ఆరేళ్ల కూతురు. ఆదివారాల్లో చౌడమ్మ సంతకు పోయినప్పుడు ప్రేమజ్యోతి వాళ్లింటికి వెళ్లేది. ఫోను బల్ల మీద పెట్టి రికార్డు చేసుకునేది. అంతకుముందే సమ్మతి పత్రం చదివి వినిపించి సంతకం తీసుకుంది. మీ పేరు ఎక్కడా రాదు, ఊరి పేరు కూడా రాయను అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

పద్మశ్రీ మాట్లాడటం మొదలుపెడితే వినబుద్ధి అయ్యేది. "రోడ్డు బొమ్మ వస్తాది మేడం. లారీ యాడ అయిపోతాది, రోడ్డు యాడ మొదలైతాది, గీత గీయల్ల. గీత యాడన్నా తెగితే బొమ్మ వెనక్కొస్తాది. మా అమ్మోళ్లింట్లో పడుగులో పోగు తెగితే అతుకుతాం చూడండి, అట్ల మళ్లీ అతకల్ల. ఎవురిదన్నా వెనక్కొస్తే 'పోగు తెగింది' అంటా నేను. ఇప్పుడు ఆఫీసులో అందరూ అదే మాట అంటాండారు."

ప్రేమజ్యోతి ఆ మాట కింద రెండు గీతలు గీసుకుంది.

నాలుగో ఆదివారం పద్మశ్రీ ఎర్ర పని గురించి చెప్పింది. వారానికి రెండు రోజులు కొందరికి తెర చుట్టూ ఎర్ర అంచు వచ్చేది. "కొట్టేవి, నరికేవి, బట్టల్లేనివి. ఏది యే రకమో చూసి మార్కు పెట్టల్ల. అట్లాంటివి జనానికి అగుపడకుండా ఆపేదానికి మిషను నేర్చుకుంటాందంట. అది నేర్చుకునేదాకా మేం చూడల్ల."

"ఇంట్లో చెప్పారా?"

"యాడ చెప్పేది మేడం! లారీల బొమ్మలు అనుకుంటాండారు మా అత్త. ఎవురన్నా బండి మీద పోతాంటే, వాళ్లు పడకముందే పడినట్టు అగుపిస్తాది నాకు. నా పక్కన ఒకామె ఉండాది, ఎర్ర అంచు రాంగానే కండ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటాది. నాకు అదీ రాదు."

ఆ ప్రార్థన చేసుకునే ఆమె పేరు మహిమ. ప్రేమజ్యోతి ఆమెను ఎన్నడూ కలవలేదు. అయినా ఆ మాటా రాసుకుంది.

మొత్తం పదకొండు గంటల రికార్డు అయింది. ఏడు నెలలు కూర్చుని పేపరు రాసింది. పద్మశ్రీకి రమణి అని పేరు పెట్టింది. ఊరి పేరు తీసేసి, రాయలసీమలో ఒక చిన్న పట్టణం అని రాసింది. మగ్గం సంగతి దగ్గరకు వచ్చినప్పుడు ఆమె చెయ్యి ఆగింది. ఆ ఆఫీసులో నేతవాళ్ల బిడ్డ ఇంకెవరైనా ఉన్నారో లేదో ఆమెకు తెలియదు. అడిగి తెలుసుకోవచ్చు. అడిగితే ఉండరేమోనని, ఉండకపోతే ఆ మాట తీసేయాల్సి వస్తుందని భయపడింది. అడగలేదు. ఆ మాటనే పేపరుకు పేరుగా పెట్టింది. ఇంగ్లీషు శీర్షికలో ముందు తెలుగు మాట, ఇంగ్లీషు అక్షరాల్లో, 'పోగు తెగింది' అని.

జర్నల్ వాళ్లు ఒక్క సవరణ కూడా అడగకుండా తీసుకున్నారు. శీర్షిక అద్భుతంగా ఉందని సంపాదకురాలు ప్రత్యేకంగా రాసింది.

పేపరు వచ్చిన వారంలో ఉమామహేశ్వర ఆమెను గదికి పిలిచి కుర్చీ చూపించాడు. చేరినప్పటి నుంచీ అదే మొదటిసారి. "ప్రమోషన్ ఫైలు పైకి పంపుతున్నా. పత్రికలకు కూడా ఒక నోటు ఇద్దాం" అన్నాడు. ఆయన రాసిన నోటులో రాయచోటి పేరుంది. ప్రేమజ్యోతి చదివి, ఆ పేరు కొట్టేయమంది. "ఊరి పేరు లేకపోతే జిల్లా పేజీలో ఎవడు వేస్తాడు?" అన్నాడాయన. ఆమె ఇంకోసారి అడగలేదు. తన పేరు ముందు డాక్టర్ అని లేకపోతే ఆ ఒక్కటి మాత్రం చేర్చి ఇచ్చింది.

మంగళవారం జిల్లా పేజీలో వచ్చింది. "'పోగు తెగింది': రాయచోటిలో బూతు దృశ్యాలు చూస్తూ కుమిలిపోతున్న మహిళలు" అని శీర్షిక. పక్కన ప్రేమజ్యోతి ఫోటో.

శుక్రవారానికల్లా ముగ్గురి ఉద్యోగాలు పోయాయి. పద్మశ్రీ, మహిమ, హర్షిణి అక్క.

శనివారం పొద్దున్నే ప్రేమజ్యోతి రాయచోటి బస్సెక్కింది. గువ్వలచెరువు ఘాటు ఎక్కుతున్నంతసేపూ పద్మశ్రీకి ఫోను చేస్తూనే ఉంది. ఒక్కసారీ ఎత్తలేదు.

ఇంటి ముందు చౌడమ్మ చాటలో కందులు చెరుగుతోంది. ఈమెను చూసి లేవలేదు.

"నువ్వేనా పేపర్లో పడిండేది?"

"నేనేనమ్మా. పద్మశ్రీతో ఒక్క మాట..."

"నేను సంతకు పోయినప్పుడంతా నా ఇంట్లో కూర్చుని నా కోడలి నోట్లో మాటలు తీసుకుంటివంట. ఇప్పుడు నేను కొళాయి కాడికి పోతే, మీ కోడలు బూతు బొమ్మలు చూసే పనికి పోతాందంటనే అని అడుగుతాండారు. ఏం చెప్పమంటావు వాళ్లకు? నువ్వొచ్చి చెప్పు పో, కొళాయి కాడికి."

ప్రేమజ్యోతి చేతులు జోడించింది. చౌడమ్మ చాట కింద పెట్టి, "చేతులు దించు. నేనేం దేవతను కాదు" అంది.

లోపలి నుంచి పద్మశ్రీ వచ్చి గడపలోనే నిలబడింది. ఆమె కళ్లలో ఏడ్చిన గుర్తులేవీ లేవు. అన్నాళ్లూ మీరు మీరు అని పిలిచిన మనిషి ఆ రోజు నువ్వు అంది.

"నా మాట ఎందుకు రాస్తివి?"

"పేరు మార్చాను పద్మశ్రీ. మీ పేరు ఎక్కడా..."

"పేరు మారిస్తే నేను మారిపోతానా? మగ్గం ఉంచితివి. మాధవరం అనకుండా మాధవరమంతా ఉంచితివి. నా కూతురు ఉండాది, నా మొగుడు తోలే ట్రాక్టరు ఉండాది. ఆఫీసులో 'పోగు తెగింది' అని ఎవురు అంటారో పిల్లోళ్లను అడిగినా చెప్తారు. దాన్నే తీసుకపోయి నెత్తిన పెడితివి. ఇంగ దాచిందేముండాది?"

"నేను అంత దూరం ఆలోచించలేదు."

"ఆలోచించినావు" అంది పద్మశ్రీ. "చదువుకున్నదానివి, ఆలోచించకుండా ఉంటావా? ఆ మాట నీకు బాగుండాది. అందుకు పెట్టుకుంటివి."

అది నిజమని ప్రేమజ్యోతికి తెలుసు.

"మహిమ ఏం చేసింది? నీ మొహం కూడా చూడలేదు ఆయమ్మ. హర్షిణోళ్ల అక్క ఏం చేసింది? పో. ముందు వాళ్ల సంగతి చూడు పో."

ఆమె అక్కడి నుంచి నేరుగా బొమ్మల ఆఫీసుకు నడిచింది. దేవేంద్రప్ప కోపంగా లేడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. తర్వాత కంప్యూటరు ఆమె వైపు తిప్పాడు.

"మీ పేపరు నాకు యాడ అర్థమైతాది మేడం? మా పిల్లోడు దాన్ని ఏఐలో వేసి తెలుగులో తీసిచ్చినాడు. చివర్లో మీరు మీ స్టూడెంటు హెచ్. అనే అమ్మాయికి థ్యాంక్సు చెప్పినారు. ఆ అమ్మాయి ఎవురో నాకు తెలీదా? నలభై మంది పేర్లు, ఊర్లు, ఇంటి సంగతులు ఇచ్చి, ఈ పేపర్లో ఉండేది వీళ్లల్లో ఎవురు అని అడిగితిమి. ముగ్గురి పేర్లు ఇచ్చింది."

తెర మీద ముగ్గురి పేర్లూ, ఒక్కొక్కరి కింద కారణాలూ ఉన్నాయి. నేత కుటుంబం. ప్రార్థన అలవాటు. పరిశోధకురాలి విద్యార్థినితో బంధుత్వం. ప్రతి కారణమూ తన పేపర్లోంచి తీసిందే.

"ఇది ఊహించి చెప్పేదండీ. దీన్ని నమ్మి ఉద్యోగాలు తీసేస్తారా?"

"బెంగళూరోళ్లు నాకు సోమవారం దాకా టైమిచ్చినారు. బయటికి చెప్పిందెవురో తేల్చకపోతే పనంతా ఆపేస్తారంట. ముప్పై ఏడు మందిని నిలబెట్టుకోను ముగ్గురిని తీసేస్తి. తప్పయితే చెప్పండి." ఒక తెల్లకాగితం ఆమె ముందుకు జరిపాడు. "మీతో మాట్లాడిండేది ఎవురో రాసి సంతకం పెట్టండి. మిగతా ఇద్దరినీ ఇప్పుడే పిలిపించి కూర్చోబెడతా."

ఆమె ఆ కాగితం వైపు చూసింది. రాస్తే ఇద్దరికి పని వస్తుంది. రాస్తే సమ్మతి పత్రం చదివి వినిపించి తను ఇచ్చిన మాట అబద్ధమవుతుంది. మహిమ కాదు, హర్షిణి అక్క కాదు అని మాత్రం రాసినా పద్మశ్రీ ఒక్కతే మిగులుతుంది.

"నేను చెప్పకూడదు" అంది.

"పేపర్లో అంతా చెప్పి, ఇప్పుడు చెప్పకూడదంటే ఎట్ల మేడం?" అన్నాడు దేవేంద్రప్ప. టీ గ్లాసు ఆమె ముట్టుకోలేదు. ఆయన దాన్ని తీసి పక్కన పెట్టి, "అయితే మీరు రావచ్చు" అన్నాడు.

ఆదివారం ఉదయం మహిమ తండ్రి ప్రేమయ్య ఫోను చేశాడు. ఆయన వాళ్ల ఊరి చర్చిలో సంఘ పెద్ద. "నువ్వు మనోళ్ల బిడ్డవని హర్షిణి చెప్పిందమ్మా. అందుకే అడుగుతాండా. మా మహిమ దేవునికి చెప్పుకునేది కూడా నీకు రాసుకోను పనికొచ్చిందా? అది నీకు ఎవురు చెప్పినారు? నువ్వు దానితో మాట్లాడింది ఎప్పుడు?" ఆమె క్షమించమంది. "క్షమించేది తర్వాత. పనిలో పెట్టిస్తావా లేదా, అది చెప్పు" అన్నాడాయన. తన చేతిలో లేదని చెప్పేసరికి ఫోను పెట్టేశాడు.

సోమవారం క్లాసుకు హర్షిణి రాలేదు. మధ్యాహ్నం స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"మా అక్క కాదని ఒక్క మాట రాసివ్వండి మేడం. మీరు ఆమెతో మాట్లాడనే లేదు కదా."

"రాస్తే ఇంకొకరు మిగులుతారు హర్షిణీ."

"మిగలనీయండి. మాట్లాడింది ఆమే కదా! నేనే కదా ఆమె ఇంటికి తీసుకపోయింది మిమ్మల్ని. నాకు తెలీదా? నేను చెప్తే అయిపోతాది. చెప్పొద్దని మా అక్కే ఏడుస్తాంది. మా అక్క ఉద్యోగం పోయినా ఇంకొకరి పేరు చెప్పదంట. మీరు మాకు క్లాసులో చెప్పినారు, మన దగ్గర మాట తీసుకునే కంపెనీలు దాన్ని ఏం చేస్తాయో మనకు చెప్పవని. నేను నోట్సు రాసుకుంటి మేడం, పరీక్షలో కూడా రాస్తి. ఈ పొద్దు నుంచి నా ప్రాజెక్టుకు మీరు గైడు వద్దు."

మరుసటి రోజుకు హర్షిణి ప్రాజెక్టు ఉమామహేశ్వర కిందికి మారింది.

ఆ సోమవారమే రాయచోటిలో ఇంకొకటి జరిగింది. అది ప్రేమజ్యోతికి రెండు రోజుల తర్వాత తెలిసింది. పద్మశ్రీ తనంతట తాను బొమ్మల ఆఫీసు మెట్లెక్కి, అందరూ పనిలో ఉండగా హాలు మధ్య నిలబడి, "మాట్లాడిండేది నేను. వాళ్లిద్దరికీ ఏం తెలీదు. అన్నా, వాళ్లను పనిలో పెట్టుకో" అని దేవేంద్రప్పతో అంది. ఆయన ఆ మాట కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకున్నాడు. బుధవారం నుంచి మహిమ, హర్షిణి అక్క తిరిగి పనిలోకి వచ్చారు. బెంగళూరు కంపెనీ పని ఆపలేదు. ఎర్ర అంచు బొమ్మలూ ఆగలేదు. వారానికి రెండు రోజులది మూడు రోజులయింది.

గురువారం పద్మశ్రీ, చౌడమ్మ కడపకు వచ్చారు. విశ్వవిద్యాలయం గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు కావాలంటే, "మా మాటలు మాకు కావల్ల" అంది చౌడమ్మ. స్టాఫ్ రూములో ఉన్న మిగతా ఇద్దరు లెక్చరర్లు లేచి కిటికీ దగ్గరకు పోయి, బయటికి వెళ్లకుండా అక్కడే నిలబడ్డారు.

"నాది రికార్డు చేసుకుంటివి కదా, అదంతా నా ముందర తీసేయి" అంది పద్మశ్రీ.

ప్రేమజ్యోతి కంప్యూటరు తెరిచింది. ఈలోగా ఎవరో చెప్పినట్టున్నారు, ఉమామహేశ్వర వచ్చాడు.

"ఏం చేస్తున్నావు? అది పరిశోధన డేటా. ఐదేళ్లు దాచాలని రూలు. చెరపడానికి నీకు హక్కు లేదు. రేపు జర్నల్ వాళ్లు అడిగితే ఏం చూపిస్తావు?"

"ఏమీ ఉండదు సార్ చూపించడానికి. పేపరు వెనక్కి తీసుకుంటున్నా."

ఆయన మొహం నల్లబడింది. "నీ ప్రమోషన్ ఫైలు ఈ పేపరు మీద పైకి పోయింది. విభాగానికి ఉన్నది ఇదొక్కటే. నీ ఇష్టానికి తీసుకోవడానికి నీ సొంత ఆస్తా?"

"అదే సార్ నేను అడిగేది కూడా" అంది పద్మశ్రీ. "ఈయమ్మ సొంత ఆస్తా?"

ఆయన ఆమె వైపు తిరిగి, "అమ్మా, మీరు బయట ఉండండి. ఇది ఆఫీసు విషయం" అన్నాడు. చౌడమ్మ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చుని, చీర చెంగు బిగించుకుని, "అయ్యేదాకా పోము" అంది.

ప్రేమజ్యోతి ఒక్కొక్క ఫైలూ పద్మశ్రీకి చూపించి చెరిపింది. ఫైలు తెరవగానే ముందు రెండు సెకన్లు గొంతు వినబడేది. ఏడో ఫైల్లో పద్మశ్రీ నవ్వు ఉంది. దాని వెనక పాప ఏదో అడుగుతోంది. పద్మశ్రీ మొహం పక్కకు తిప్పుకుని, "అదీ తీసేయి" అంది. ఫోన్లోవి, పెన్‌డ్రైవులోవి, ఇంటర్నెట్లో దాచినవి, అన్నీ పోయేసరికి గంటన్నర పట్టింది. రాతలో దింపుకున్న నోటుబుక్కులు రెండూ కూడా ఇచ్చేసింది. చౌడమ్మ వాటిని సంచిలో వేసుకుంది.

"ఇంగ యాడన్నా ఉండాదా?"

అబద్ధం చెప్పడానికి అదే తేలికైన చోటు. ప్రేమజ్యోతి చెప్పలేదు. "నా దగ్గర లేదు. పేపరు మాత్రం ఇప్పటికే చాలామంది దింపుకుని ఉంటారు. జర్నల్ వాళ్లు తీసేసినా వాళ్ల దగ్గర ఉంటుంది. అవి నేను తీయలేను."

"ఎంతమంది?"

"తెలియదు. జర్నల్ పేజీలో నాలుగు వందల పన్నెండు అని చూపిస్తోంది."

పద్మశ్రీ తలుపు వైపు నడిచింది. అంతలో ఆగి, "నాలుగు వందల మందికి మా ఇల్లు తెలుసు" అని అత్తతో అంది. ప్రేమజ్యోతితో ఇంకేమీ అనలేదు.

ఉమామహేశ్వర మరుసటి రోజే మెమో ఇచ్చాడు. అనుమతి లేకుండా పరిశోధన డేటా ధ్వంసం చేసినందుకు సంజాయిషీ. ఆమె ఉన్నదున్నట్టు రాసిచ్చింది. ముగ్గురు సభ్యుల విచారణ సంఘం కూర్చుంది. ఆ సభ్యుల్లో ఒకరు, "మీరు బాధితురాలిలా మాట్లాడుతున్నారు, కానీ మీరు చేసింది దుష్ప్రవర్తన" అన్నారు. "బాధితురాలిని కాను సార్" అని ఆమె ఒప్పుకుంది. అది కూడా ఆమెకు వ్యతిరేకంగానే రాసుకున్నారు. ప్రమోషన్ ఫైలు వెనక్కి వచ్చింది. మూడేళ్ల దాకా మళ్లీ పెట్టకూడదన్నారు. ఆమె సబ్జెక్టును కొత్తగా చేరిన ఇంకొకరికి ఇచ్చి, ఆమెకు మొదటి సంవత్సరం వాళ్ల కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసులు వేశారు. ఎలా దరఖాస్తు రాయాలి, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, అలాంటివి.

జర్నల్ వాళ్లతో నాలుగు నెలలు ఉత్తరాలు నడిచాయి. పేపర్లో తప్పు లేదు కదా, ఎందుకు వెనక్కి తీసుకుంటున్నారని వాళ్లు. తప్పు రాతలో లేదు, రాయడంలోనే ఉంది అని ఈమె. శీర్షిక అద్భుతమని మెచ్చిన సంపాదకురాలే చివరికి, మీలాంటి వాళ్ల వల్ల గ్రామీణ ప్రాంతాల పరిశోధకుల మీద నమ్మకం పోతుందని ఘాటుగా రాసి, తీసేయడానికి ఒప్పుకుంది.

ఆ ఉత్తరం ప్రింటు తీసుకుని ప్రేమజ్యోతి మళ్లీ రాయచోటికి వెళ్లింది. పద్మశ్రీ ఇప్పుడు మార్కెట్ వీధిలో ఒక టైలరింగ్ షాపులో చీరలకు ఫాల్ కుడుతోంది. షాపు ఇరుకు. మిషను గుమ్మానికి ఎదురుగా వేసుకుంది.

ఈమెను చూసి పద్మశ్రీ మిషను ఆపలేదు. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు మాటలాపి, "ఈమేనా?" అని ఒకరినొకరు అడిగారు. అందులో ఒకామె బయటికి పోతూ వాకిట్లో ఉమ్మింది.

"పేపరు తీసేశారు. ఉత్తరం తెచ్చాను."

"చదువు."

ప్రేమజ్యోతి ఇంగ్లీషు ఉత్తరాన్ని తెలుగులో చెప్పింది. నాలుగే వాక్యాలు. రచయిత కోరిక మేరకు ఈ వ్యాసాన్ని ఉపసంహరించుకోవడమైనది. ఇకపై ఎవరూ దీన్ని ఉదహరించరాదు.

"నా సంగతేం లేదా అందులో?"

"లేదు. రాయొద్దని నేనే అడిగాను."

చీర అంచు చివరిదాకా వచ్చింది. పద్మశ్రీ దారం పంటితో కొరికి, చీర మడతపెట్టి, ఇంకోటి అందుకుంది. నీలం రంగుది. అంచు వెలుతురులోకి పెట్టి చూసుకుంటూ, "రాయకుండా ఉండేది నేర్చుకుంటివి. మంచిది" అంది. ఆ మాటలో ఎగతాళి లేదు, దయా లేదు.

ఏదైనా అవసరమైతే చెప్పమని, పాప చదువుకో దేనికో అని ప్రేమజ్యోతి మొదలుపెట్టింది.

"మేడం" అంది పద్మశ్రీ. ఆ పిలుపు మళ్లీ వచ్చినందుకు ప్రేమజ్యోతి ఒక్క క్షణం ఆశపడింది. "పక్కకు జరగండి. వెలుతురుకు అడ్డం ఉండారు."

ఆమె పక్కకు జరిగింది. మిషను మళ్లీ నడిచింది. కొంతసేపు అక్కడే నిలబడి, ఎవరూ కూర్చోమనకపోయేసరికి ఉత్తరం బ్యాగులో పెట్టుకుని బస్టాండు వైపు నడిచింది. కడప బస్సు నిండిపోయి ఉంది. డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని నిలబడే వెళ్లింది. మరుసటి రోజు మొదటి సంవత్సరం పిల్లలకు దరఖాస్తు ఎలా రాయాలో చెప్పాల్సి ఉంది.